ఇంటి పెద్ద మరణించిన తరువాత ఆస్తి కాగితాలు: గోదావరి డెల్టా కుటుంబాలకు మార్గదర్శి

గోదావరి డెల్టాలో ఒక రైతు కుటుంబ పెద్ద కన్నుమూస్తే, ఆయన పేరున సాధారణంగా కొంత మాగాణి, ఒక కొబ్బరి తోట, ఊళ్ళో ఇల్లు, బ్యాంకు డిపాజిట్లు, ఒకటో రెండో బీమా పాలసీలు, వాటితో పాటు సహకార సొసైటీలో పంట రుణం మిగులుతాయి. వీటన్నిటినీ ఒక్కసారిగా వారసుల పేరుకు మార్చే కాగితం ఏదీ లేదు. ఏ ఆస్తికి ఏ కాగితం కావాలో తెలియకపోవడం వల్లనే కుటుంబాలు ఎక్కువగా నష్టపోతున్నాయి. తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల పత్రాన్ని హక్కు పత్రంగా భావించడం, నామినీయే యజమాని అనుకోవడం, పాసుపుస్తకంలో పేరు మారితే పంపకం పూర్తయినట్టేనని నమ్మడం అనే మూడు పొరపాట్లను తప్పించుకోగలిగితే, మిగిలిన పని ఓపికతో చేయగలిగినదే.

మొదటి పత్రాలు

మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. పెద్దకర్మ ముగిసి బంధువులు ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళేసరికి ఈ గడువులో సగానికి పైగా గడిచిపోతుంది కాబట్టి, కర్మ చేసే వ్యక్తిని కాక ఇంట్లో మరొకరిని ఈ పనికి నియమించడం మంచిది. నమోదు జరిగేది మరణం సంభవించిన చోట మాత్రమే, నివాసం ఉన్న చోట కాదు. రాజోలు వాసి కాకినాడ ఆసుపత్రిలో మరణిస్తే పత్రం కాకినాడ నగరపాలక సంస్థ నుంచి రావాలి. సొంత ఊళ్ళో ఇంటి వద్ద మరణిస్తే పంచాయతీ కార్యదర్శి నమోదు చేస్తారు. 21 రోజులు దాటి 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుముతో, ఏడాదిలోపు అయితే అధికారి రాతపూర్వక అనుమతితో నమోదు చేయించవచ్చు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరమవుతుంది.

పత్రం చేతికి రాగానే ఇంటిపేరు, తండ్రి పేరు, మరణ తేదీ ఆధార్‌తోనూ, పాసుపుస్తకంతోనూ, బ్యాంకు ఖాతాతోనూ సరిపోయాయో లేదో చూడాలి. ఒక చోట ఇంటిపేరు పూర్తిగాను, మరో చోట పొడి అక్షరంగాను ఉండటం మన ప్రాంతంలో చాలా మామూలు. తేడా ఉంటే అప్పుడే సరిచేయించాలి, లేదా ఆ రెండు పేర్లూ ఒకే వ్యక్తివని తెలిపే అఫిడవిట్ సిద్ధం చేసుకోవాలి. పత్రం ప్రతులు ఏడెనిమిది తీసుకుంటే తరువాత తిరుగుడు తగ్గుతుంది.

తరువాత గ్రామ సచివాలయం ద్వారా గానీ, మీసేవ ద్వారా గానీ కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు చేయాలి. వీఆర్వో విచారణ జరిపిన తరువాత తహసీల్దారు దీనిని ఇస్తారు. మరణించిన వ్యక్తి కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో మాత్రమే ఈ పత్రం చెబుతుంది, ఎవరికి ఎంత వాటా అన్నది చెప్పదు. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన కూతుళ్ళ పేర్లు, అంతకు ముందే మరణించిన కొడుకు భార్యాపిల్లల పేర్లు తప్పనిసరిగా చేర్పించాలి. వారిని దాచిపెట్టి తెచ్చిన పత్రం మీద కట్టిన ప్రతి కాగితమూ ఎప్పుడో ఒకప్పుడు కోర్టులో కూలిపోతుంది. అంతకన్నా ముందు ఆ ఇంటి తోబుట్టువుల మధ్య మాటలు ఆగిపోతాయి.

వారసులు ఎవరు

వీలునామా రాయకుండా మరణించిన హిందూ పురుషుడి సొంత ఆస్తిలో 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, తల్లికి, ప్రతి కొడుకుకు, ప్రతి కూతురికి తలా ఒక సమాన వాటా వస్తుంది. ముందే మరణించిన కొడుకు వాటా అతని భార్యాపిల్లలకు, ముందే మరణించిన కూతురి వాటా ఆమె పిల్లలకు చెందుతుంది. తల్లి వాటాను చాలామంది మరచిపోతారు. కొడుకును పోగొట్టుకున్న వృద్ధురాలికి చట్టం ఇచ్చిన ఆ వాటాయే చివరి రోజుల్లో ఆధారం కావచ్చు. తండ్రి మాత్రం ఈ మొదటి తరగతి వారసుల్లో లేడు. పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానమైన హక్కు ఉందని, 2005 సవరణ నాటికి తండ్రి జీవించి లేకపోయినా ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను, కోర్టు డిక్రీ ద్వారా జరిగిన పంపకాలను ఇది కదిలించదు.

క్రైస్తవ కుటుంబాల్లో భార్యకు మూడో వంతు, పిల్లలకు మిగిలిన రెండు వంతులు సమానంగా వెళతాయి. ముస్లిం కుటుంబాలకు వారి వ్యక్తిగత చట్టమే వర్తిస్తుంది; అక్కడ వారసుల సమ్మతి లేకుండా వీలునామా ద్వారా ఇవ్వగలిగేది మూడో వంతు మాత్రమే.

వీలునామా ఉంటే, ప్రొబేట్ అవసరమా

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. రాసిన వ్యక్తి సంతకం, దానిని ధ్రువీకరించిన కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పక ఉండాలి. బీరువాలో అసలు ప్రతి దొరకకపోతే, రిజిస్టరైన వీలునామా అయినపక్షంలో మరణ ధ్రువీకరణ పత్రం చూపి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ధ్రువీకృత నకలు పొందవచ్చు. ఎవరైనా తమకు హక్కున్న ఆస్తినే వీలునామాగా రాయగలరు కాబట్టి, ఉమ్మడి ఆస్తి మొత్తాన్ని ఒక కొడుకుకు రాసినా అది రాసిన వ్యక్తి వాటా మేరకే చెల్లుతుంది.

ప్రొబేట్ అంటే ఆ వీలునామా నిజమైనదేనని, చట్టప్రకారం రాసినదేనని న్యాయస్థానం ఇచ్చే ధ్రువీకరణ. చెన్నై, ముంబై నగరాల్లోని ఆస్తులకు, పాత బెంగాల్ పరిధిలోని ఆస్తులకు హిందువుల వీలునామాల విషయంలో ఇది చాలాకాలం తప్పనిసరిగా ఉండేది. మన జిల్లాల్లోని ఆస్తికి, ఇక్కడ రాసిన వీలునామాకు ఆ నిర్బంధం లేదు. అందువల్ల డెల్టాలోని పొలాన్ని గానీ, ఇంటిని గానీ ఇచ్చే వీలునామాకు ప్రొబేట్ లేకపోతే విలువ లేదని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. చెన్నైలో ఫ్లాటో స్థలమో ఉన్నవారు మాత్రం అక్కడి న్యాయవాదితో ప్రస్తుత నిబంధనను సరిచూసుకోవాలి.

తప్పనిసరి కానంత మాత్రాన నిరుపయోగమని కాదు. వారసుల్లో ఒకరికి ఏమీ ఇవ్వకుండా రాసిన వీలునామా, మరణానికి కొద్ది రోజుల ముందు ఆసుపత్రిలో రాసిన వీలునామా, సాక్షులు వృద్ధులైన వీలునామా ఉన్నప్పుడు ప్రొబేట్ తీసుకోవడమే వివేకమని నా అభిప్రాయం. వీలునామాను కోర్టులో రుజువు చేయడానికి సాక్షుల్లో కనీసం ఒకరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఇద్దరూ మరణించిన తరువాత చేతిరాతలను, సంతకాలను పోల్చి నిరూపించడం ఎంతో కష్టం.

వీలునామాలో దానిని అమలుచేసే బాధ్యుడిగా, అంటే ఎగ్జిక్యూటర్‌గా పేర్కొన్న వ్యక్తి మాత్రమే ప్రొబేట్ కోరగలడు. ఎవరినీ పేర్కొనకపోతే, ఆస్తి పొందవలసినవారు వీలునామా జతచేసి ఆస్తి నిర్వహణకు న్యాయస్థానం ఇచ్చే అధికార పత్రం, అంటే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ కోసం పిటిషన్ వేయాలి. పిటిషన్‌తో అసలు వీలునామా, మరణ ధ్రువీకరణ పత్రం, ఆస్తుల విలువ తెలిపే పట్టిక, వారసుల పేర్లు, చిరునామాలు ఇవ్వాలి. ఆస్తి విలువను బట్టి కోర్టు రుసుము ఉంటుంది. న్యాయస్థానం వారసులకు నోటీసులు పంపి, పత్రికా ప్రకటన కూడా ఇప్పించి, అభ్యంతరాలు రాకపోతే సాక్ష్యం నమోదు చేసి ప్రొబేట్ మంజూరు చేస్తుంది. ఎవరైనా అభ్యంతరం చెబితే అదే పిటిషన్ దావాగా మారి, విచారణ ఏళ్ళ తరబడి సాగవచ్చు.

బ్యాంకు, బీమా

ఖాతాదారు మరణించిన తరువాత ఆయన ఏటీఎం కార్డుతో సొమ్ము తీయడం ఎంత అవసరం వచ్చినా చేయరాదు. మిగతా వారసులు తరువాత లెక్క అడిగితే అది పెద్ద వివాదమవుతుంది. నామినీ ఉంటే, మరణ ధ్రువీకరణ పత్రం, నామినీ గుర్తింపు పత్రాలు తీసుకుని బ్యాంకు ఆ నామినీకి సొమ్ము చెల్లిస్తుంది. నామినీ ఆ సొమ్మును వారసులందరి తరఫున అందుకున్నట్టే లెక్క, అందువల్ల పంపకం చేయవలసిన బాధ్యత తీరదు. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తరువాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలుగా ఉంటే ఆ సొమ్ముపై వారికి సొంత హక్కు కూడా ఉంటుంది.

నామినీ లేని డిపాజిట్ విషయంలో, రిజర్వు బ్యాంకు 2025లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల రూపాయల వరకు, సహకార బ్యాంకుల్లో 5 లక్షల వరకు వారసుల దరఖాస్తు, హామీ పత్రం, ఇతర వారసుల నిరభ్యంతర పత్రాలతోనే చెల్లించాలి. పత్రాలన్నీ అందిన 15 రోజుల్లో క్లెయిము పరిష్కరించాలి. ఆ పరిమితి దాటిన డిపాజిట్లకు, వారసుల్లో వివాదం ఉన్న ఖాతాలకు బ్యాంకు సక్సెషన్ సర్టిఫికెట్ అడగవచ్చు. మరణించిన వ్యక్తి నివసించిన ప్రాంతపు న్యాయస్థానం ఇచ్చే ఈ సర్టిఫికెట్ డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీల వంటివాటికే పనికివస్తుంది. పొలానికి, ఇంటికి పనికిరాదు.

పాసుపుస్తకంలో మే నెలాఖరు పద్దులను ప్రత్యేకంగా పరిశీలించాలి. 436 రూపాయలు తగ్గి ఉంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలు తగ్గి ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నట్టు. మొదటిది ఏ కారణంతో మరణించినా, రెండోది ప్రమాదంలో మరణిస్తే 2 లక్షల రూపాయలు ఇస్తుంది. భర్త ఖాతాలో ఇలాంటి బీమా ఉందని తెలియక భార్య అడగకుండా వదిలేసే అవకాశం ఉంది కనుక ఈ విషయాన్ని తెలిసినవారు తెలియనివారికి చెప్పాలి.

పొలం, తోట, ఇల్లు

ముందుగా పాత లింకు దస్తావేజులు, పాసుపుస్తకం, భూమి హక్కుల రికార్డు అయిన 1-బి, సాగు వివరాలు చూపే అడంగల్, ఆస్తిపై జరిగిన రిజిస్టరు లావాదేవీలు చూపే ఈసీ ఒకచోట చేర్చాలి. రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబరు స్థానంలో కొత్త కమతపు పటం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు, అంటే ఎల్‌పీఎం నంబరు వచ్చింది కాబట్టి, దస్తావేజులో రెండు నంబర్లూ రాయించాలి. లంక భూములున్నవారు కాగితం చూసి ఆగిపోకుండా భూమిని కూడా చూడాలి, ఎందుకంటే గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల కోతకు గురైన భూమి రికార్డుల్లో ఇంకా కొనసాగుతూ ఉండవచ్చు. లంకల్లోనూ సముద్ర తీరంలోనూ ప్రభుత్వం అసైన్ చేసిన డీ పట్టా భూములు ఉంటే, అవి వారసులకు సంక్రమించేవే అయినా అమ్మకంపై షరతులు ఉంటాయి గనుక, వాటిని సొంత పట్టా ఉన్న జిరాయితీ భూమితో సమానమైన విలువ కట్టి ఒకరి వాటాకు వేయడం న్యాయం కాదు.

వారసులందరూ ఒక మాట మీద ఉంటే భాగపంపిణీ దస్తావేజు రాయించి రిజిస్టర్ చేయించడం అన్నిటికన్నా మంచి మార్గం. ఎవరైనా తమ వాటాను ఇష్టపూర్వకంగా వదులుకుంటే హక్కు విడుదల దస్తావేజు రాసి అది కూడా రిజిస్టర్ చేయించాలి. తెల్లకాగితం మీద అక్కచెల్లెళ్ళ చేత వేయించుకున్న సంతకంతో హక్కు మారదు. పసుపు కుంకుమల కింద అరెకరం ఇచ్చామన్న మాట కూడా, రిజిస్టరైన దస్తావేజు లేకపోతే, ఆ కూతురిని యజమానిని చేయదు. రుసుములు తరచూ మారుతుంటాయి కనుక రిజిస్ట్రేషన్‌కు ముందు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

డెల్టా భూముల దస్తావేజులో విస్తీర్ణం, హద్దులు రాసి ఊరుకుంటే చాలదు. ఎకరాలు సమానంగా పంచినా, బోదె పైభాగంలోని మడికి అందే నీరు చివరి మడికి అదే సమయంలో అందదు. ఏ వాటాకు ఏ బోదె నుంచి నీరు, ఎవరి గట్టు మీదుగా దారి, మురుగు ఏ కాలువలోకి వదలాలి, పుంత వైపు వాటాదారు వెనుక వాటాకు బండి లేదా కోత యంత్రం వెళ్ళడానికి ఎంత వెడల్పు వదలాలి అన్న విషయాలు అందులో స్పష్టంగా ఉండాలి. కొబ్బరి తోటలో గట్ల మీది చెట్లు ఎవరివో రాయాలి. అన్నదమ్ముల తరంలో సర్దుబాటుతో నడిచిన ఈ సంగతులే వారి పిల్లల తరంలో దావాలకు కారణమవుతాయి. పొలం కౌలుకు గానీ చేపల, రొయ్యల చెరువుకు గానీ ఇచ్చి ఉంటే, నడుస్తున్న పంట ముగిసేవరకు కౌలుదారును కదపకుండా, కౌలు బస్తాలైనా, సొమ్మైనా ఏ ఖాతాకు చేరాలో వారసులు ముందే రాసుకోవాలి.

వారసత్వంగా హక్కు వచ్చిన 90 రోజుల్లోగా తహసీల్దారుకు తెలియజేయాలని 1971 పాసుపుస్తకాల చట్టం చెబుతోంది. సచివాలయంలో మ్యుటేషన్‌కు దరఖాస్తు చేస్తే, నోటీసు, విచారణ తరువాత రికార్డుల్లో పేర్లు మారతాయి. ఆ ఉత్తర్వుతో అన్యాయం జరిగిందనుకున్నవారు ఆర్డీవోకు అప్పీలు చేసుకోవచ్చు. రెవెన్యూ రికార్డులో ఒక్కరి పేరే ఎక్కినంత మాత్రాన మిగిలిన వారసుల హక్కు పోదని గుర్తుంచుకోవాలి. ఇంటికి పంచాయతీ లేదా మున్సిపాలిటీలో ఇంటి పన్ను పేరు, విద్యుత్ కనెక్షన్ పేరు విడిగా మార్పించాలి. ఊరి నివాస స్థలమైన గ్రామకంఠంలోని ఇళ్ళకు దస్తావేజులు తక్కువగా ఉంటాయి కనుక పాత పన్ను రసీదులను ఒక్కటి కూడా పారవేయరాదు.

అప్పులు, మైనర్లు, దూరాన ఉన్న వారసులు

మరణించిన వ్యక్తి అప్పులు ఆయన వదిలిన ఆస్తి మేరకే వారసుల మీద పడతాయి. తాము హామీదారులుగా సంతకం చేయని రుణానికి తమ సొంత ఆస్తితో కట్టనక్కరలేదు. అయినా పంపకానికి ముందే బ్యాంకులో, సొసైటీలో నిల్వ బాకీ రాతపూర్వకంగా తీసుకుని, ఎవరు ఎంత తీర్చాలో దస్తావేజులోనే రాయడం మేలు.

వారసుల్లో మైనరు ఉంటే, ఆ బిడ్డకు చెందిన స్థిరాస్తి వాటాను అమ్మడానికి తల్లి అయినా న్యాయస్థానం అనుమతి పొందాలి. ఆ అనుమతి లేని అమ్మకాన్ని బిడ్డ పెద్దయ్యాక సవాలు చేయవచ్చు కనుక కొనుగోలుదారులు కూడా జాగ్రత్త పడాలి.

కువైట్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు, కూతురు రిజిస్ట్రేషన్‌కు రాలేకపోతే, అక్కడి భారత రాయబార కార్యాలయంలో లేదా కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం చెల్లించాలి. ఏ గ్రామంలోని ఏ నంబరు భూమికి, భాగపంపిణీకా, విడుదలకా, అమ్మకానికా అన్నది అందులో విడివిడిగా పేర్కొనాలి. పంపకానికి మాత్రమే అధికారం ఇవ్వదలచినవారు అమ్మకపు అధికారం లేదని అందులోనే రాయించాలి.