సూపర్ కారు మార్చి, తర్వాత బాధపడకుండా ఉండడం ఎలా?

మా బావది ఒంగోలు. చీమకుర్తిలో గ్రానైట్ పని. నాలుగేళ్ళ కిందట పోర్షే 911 అమ్మేసి లంబోర్గిని హురకాన్ తెచ్చాడు. పూజకి నన్ను నెల్లూరు నుంచి పిలిపించి, వచ్చేటప్పుడు పొదలకూరు నిమ్మకాయలు పట్టుకురమ్మన్నాడు కూడా. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు బాగానే నలిగాయి. గుడి సందులోంచి రోడ్డెక్కే చోట సిమెంటు వాలు ఒకటుంది. అక్కడ ముందు బంపర్ కింద ‘కర్ర్’ మంది. బావ దిగి చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని తర్వాత చెప్పాడు.

మూడేళ్ళకి హురకాన్ పోయింది, మళ్ళీ 911 వచ్చింది. ఈ రాకపోకల్లో పోయిన డబ్బుతో మా ఇందుకూరుపేట వైపు మంచి రొయ్యల గుంట ఒకటి వచ్చేది. రెండు కార్లలోనూ పక్క సీట్లో కూర్చున్నవాణ్ణి, కాగితాల కోసం ఆయనతో పాటు తిరిగినవాణ్ణి నేను. అందులో నాకు అర్థమైంది ఇది: బాధ కొన్న కారు గురించి తక్కువ, అమ్మిన కారు గురించి ఎక్కువ. అందుకే ఈ పద్ధతి పాత కారు దగ్గర మొదలవుతుంది. క్రెటా ఇచ్చి ఫార్చ్యూనర్ తీసుకుందామనుకునేవాళ్ళకి కూడా ఇందులో సగం పనికొస్తుంది.

1. పాత కారు ఎక్కడెక్కడికి పోతోందో చూడండి

ఫాస్టాగ్ యాప్ తెరిచి ఆరు నెలల లెక్క తీయండి. బావది తీస్తే టంగుటూరు, ముసునూరు, మళ్ళీ ముసునూరు, టంగుటూరు. నెలకోసారి వెంకటాచలం, బూదనం, సూళ్ళూరుపేట. అంటే ఒంగోలు నుంచి నెల్లూరు, అప్పుడప్పుడూ చెన్నై. అది చూసి “నాదంతా హైవే మీదేరా, ఉండేది నేనొక్కణ్ణే. రెండు సీట్లు చాలు, ఇంజిన్ పెద్దది కావాలి” అని తేల్చేశాడు.

ఆ లెక్కలో పడనిది ఒకటుంది. ఆదివారం సాయంత్రం పిల్లలిద్దర్నీ 911 వెనక ఇరికించి కొత్తపట్నం బీచికి పోవడం. ఆ దారిలో టోల్ గేటు లేదు. 911 వెనక సీట్లు పేరుకే సీట్లు, పెద్దవాళ్ళు కూర్చుంటే మెడ పట్టేస్తుంది. కానీ పిల్లలకి సరిపోయాయి. హురకాన్‌లో అవీ లేవు. మొదటి ఆదివారం పెద్దదాన్ని బీచి దగ్గర, విడిగా వచ్చిన మా అక్కతో వదిలి, వెనక్కి వచ్చి చిన్నదాన్ని తీసుకుపోయాడు. రెండో ఆదివారం ఇన్నోవా తీశాడు. మూడో ఆదివారం నుంచి హురకాన్ మీద కవరు కప్పే ఉంది.

కాబట్టి ఫాస్టాగ్ లెక్క ఒక పక్కన రాయండి. టోల్ పడని ప్రయాణాలు ఇంకో పక్కన రాయండి, ఎవరు పక్కన కూర్చున్నారో కూడా రాయండి. మీకు గుర్తుండకపోతే ఇంట్లో ఆడవాళ్ళని, పిల్లల్ని అడగండి. వాళ్ళకి అన్నీ గుర్తుంటాయి. రెండో పక్క రాసినవి కొత్త కారులో కుదరకపోతే అక్కడే ఆగండి.

2. మార్పు ఎందుకో ఒక్క మాటలో చెప్పండి

‘పవర్ ఎక్కువ’ అన్నది నా దృష్టిలో కారణమే కాదు. ఫెరారీనే చూడండి. 458లో టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే పరికరం) లేని 4.5 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, 570 హార్స్‌పవర్, 9,000 ఆర్‌పీఎం దాకా కేక పెడుతుంది. 2015లో దాని తర్వాత వచ్చిన 488లో రెండు టర్బోలు పెట్టి 670 చేశారు. అంకెల్లో రెండోదే గొప్ప. కానీ ఆ పైస్థాయి కేక కోసం 458 కొన్నవాడికి 488లో దొరికేది వేగం, కేక కాదు. హురకాన్ కూడా అంతే. టర్బో లేని 5.2 లీటర్ల వీ10 దాంతోనే అయిపోయింది. 2024లో దాని స్థానంలో చూపించిన టెమెరారియోలో టర్బోల వీ8, దానికి తోడు కరెంటు మోటార్లు. అదే కుటుంబం వీ10 ఉన్న ఆడి ఆర్8 కూడా 2024తో ఆగిపోయింది. మీకు ఇష్టమైంది శబ్దమే అయితే, ఇవాళ అమ్మిన కారుని రేపు షోరూమ్‌లో కొత్తగా కొనలేరు.

ఇక వేగం సంగతి. నాలుగు లైన్ల హైవే మీద కారుకి పరిమితి 100. కావలి దాటాక డివైడర్ సందులోంచి గేదె ఎప్పుడొస్తుందో దానికే తెలియదు.

విసుగు పుట్టి మారుస్తున్నారా? అది చెప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు, చాలామందికి అసలు కారణం అదే. అలాంటప్పుడు నాలుగో అంచె మీకు తప్పనిసరి.

3. గేటు నుంచి హైవే దాకా టేపు పట్టుకుని నడవండి

ఈ పని పిచ్చిగా కనిపిస్తుంది. బావ నవ్వాడు. తర్వాత ఇద్దరం కలిసి కొలిచాం, పొద్దున ఆరింటికి, వాకింగ్‌కి వచ్చినవాళ్ళు సర్వే అనుకుని ‘రోడ్డు వెడల్పు చేస్తున్నారా’ అని అడుగుతుంటే.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంత వెడల్పుంటే తక్కువ ఎత్తు కారు కూడా మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. మన వీధుల్లో ఉండేవి వేరు. ఎత్తు అంతే, లేదా ఇంకాస్త ఎక్కువ. వెడల్పు మాత్రం అడుగున్నర. ఎవరో సిమెంటు మిగిలితే పోసినట్టుంటాయి. బావ ఇంటి నుంచి బైపాస్ దాకా అలాంటివి పదకొండు తేలాయి, డ్రైనేజీ మూతలు కాకుండా.

కొలవాల్సింది బంపు ఎత్తు ఒక్కటే కాదు. కారు ముందు చక్రానికీ బంపర్ కొసకీ మధ్య ఎంత ముందుకు పొడుచుకొచ్చిందో అదీ చూడాలి. చక్రం ఎక్కకముందే ఆ ముక్కు వెళ్ళి తగులుతుంది. గుడి దగ్గర అయింది అదే. బంపుని నేరుగా కాకుండా ఏటవాలుగా, ఒక్కో చక్రమే ఎక్కించి దాటితే చాలాసార్లు గండం తప్పుతుంది. కానీ సందు ఇరుగ్గా ఉండి, ఎదురుగా ఆటో నిలబడితే ఆ కిటుకు పనిచేయదు.

ముందు భాగాన్ని పైకి లేపే లిఫ్ట్ లేకుండా ఇలాంటి కారు మన వైపు కొనకండి. 911లో అది ముందు భాగాన్ని 4 సెంటీమీటర్ల దాకా లేపుతుంది. సెకండ్ హ్యాండ్‌లో లిఫ్ట్ ఉందని చెబితే చాలదు, నొక్కి చూడండి. పైకి లేచాక పది నిమిషాలు ఆపి, దానంతటదే మెల్లగా కిందికి దిగిపోతోందా అని కూడా చూడండి. టెస్ట్ డ్రైవ్ షోరూమ్ ముందు నున్నటి రోడ్డు మీద కాదు. బతిమాలి అయినా సాయంత్రం ట్రాఫిక్‌లో, మీ వీధి లాంటి వీధిలో నడపండి.

4. తాళం ఒక నెల ఇంకొకరి చేతికి ఇవ్వండి

పాత కారు అమ్మాలనుకున్నాక, అమ్మకముందు ఒక నెల అది లేనట్టే బతకండి. బ్యాటరీకి ట్రికిల్ ఛార్జర్ తగిలించి, తాళం మీ ఆవిడకి ఇచ్చేయండి. నెల తర్వాత ఏ రోజు అడగాలనిపించిందో, ఎందుకో చెప్పండి. బావ ఈ పని చేయలేదు. చేసుంటే రెండో ఆదివారానికే తాళం తిరిగి అడిగేవాడని మా అక్క అంటుంది.

ఛార్జర్ మాట తేలిగ్గా తీసుకోకండి. చాలా 911ల్లో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తెరుచుకునేది కరెంటుతో. బ్యాటరీ చస్తే డిక్కీ తెరుచుకోదు, డిక్కీ తెరిస్తే గానీ బ్యాటరీ అందదు. డ్రైవర్ కాళ్ళ దగ్గరున్న ఫ్యూజు పెట్టెలోంచి చిన్న ప్లస్ టెర్మినల్ బయటికి లాగి, దానికి వేరే బ్యాటరీ తగిలించి తెరవాలి. మా బావ డ్రైవర్ టార్చ్ నోట్లో పెట్టుకుని తల కిందులుగా పడుకుని అది వెతుకుతుంటే నేను ఫోన్‌లో మాన్యువల్ చదివాను.

5. కొనే కారుని కింద నుంచి పైకి చూడండి

పైన మెరుపు ఎవరైనా తెప్పిస్తారు. కారుని సర్వీస్ సెంటర్ లిఫ్ట్ మీదికి ఎక్కించి అడుగు చూడండి. గీతలుంటాయి, అవి ఫర్వాలేదు. పగుళ్ళు, కొత్తగా వేసిన నల్ల రంగు అనుమానించాలి.

సీటు బెల్టుని చివరిదాకా లాగండి. మన వాళ్ళు సెకండ్ హ్యాండ్‌కి ఎక్కువగా చెన్నైకే పోతారు. 2015లోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడూ అక్కడ ఎన్ని కార్లు మునిగాయో గుర్తుందిగా. సీట్లు కడిగి ఆరబెడతారు గానీ బెల్టు చివరి మూర చాలామంది మరిచిపోతారు. అక్కడ బురద గీత కనిపిస్తే బేరం ఆపేయండి.

టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైంది. తక్కువ తిరిగిన కారు టైర్లు అరక్కుండానే ముసలివవుతాయి. హురకాన్ వెనక టైరు 305 మిల్లీమీటర్ల వెడల్పు, అది ఒంగోలు టైర్ల షాపులో దొరికే సరుకు కాదు. కార్బన్ సెరామిక్ బ్రేకులుంటే డిస్కు మీద కనీస బరువు రాసి ఉంటుంది (అరిగేకొద్దీ బరువు తగ్గుతుంది), సర్వీసులో తూచి చెప్పమనండి. పాత లంబోర్గిని గల్లార్డో ఈ-గేర్ (క్లచ్ పెడల్ లేని గేర్‌బాక్సు) అయితే క్లచ్ ఎంత అరిగిందో కంప్యూటర్ పెట్టి శాతంలో చూడొచ్చు. పోర్షే అయితే ఇంజిన్‌ని పరిమితి దాటి ఎన్నిసార్లు తిప్పారో దాని కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఆ రిపోర్టు తీయించండి. 355 లాంటి పాత ఫెరారీల మీద మనసు పడితే, టైమింగ్ బెల్టు మార్చడానికి ఇంజిన్ మొత్తం కిందికి దించాలని తెలుసుకుని మనసు పడండి.

పెట్రోలు మూత లోపల ఆక్టేన్ ఎంత కావాలో, ఎథనాల్ ఎంతవరకు ఫర్వాలేదో రాసి ఉంటుంది. బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఎథనాల్ కలిపింది. మీ ఊరి బంకులో ఏం దొరుకుతుందో ముందే కనుక్కోండి.

సర్వీసు ఎక్కడ? పోర్షేకి చెన్నై ఉంది. లంబోర్గినికి బావ బెంగళూరు పంపేవాడు, ఫ్లాట్‌బెడ్ లారీ మీద. ఆ కిరాయి సర్వీసు బిల్లులో కనపడదు, మీరే కలుపుకోవాలి.

6. డబ్బు, కాగితాలు

పుదుచ్చేరి నంబరు ప్లేటుతో చవగ్గా కారు వస్తే ఉబ్బిపోకండి. వేరే రాష్ట్రం బండి 12 నెలలకి మించి ఇక్కడ ఉంటే ఇక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి, లైఫ్ టాక్స్ కట్టాలి. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ రావాలి, దానికి ఫారం 28. ఆ టాక్స్ కలిపి చూస్తే చవక చాలాసార్లు ఎగిరిపోతుంది. (2019లో జిల్లా నంబర్లు తీసేసి కొత్త బళ్ళకి రాష్ట్రమంతా ఏపీ 39 చేశారు. ఏపీ 26 చూసి ‘మనోడే’ అని హారన్ కొట్టే మా నెల్లూరోళ్ళకి అదొక లోటు.)

మీ కారు ‘పార్క్ అండ్ సెల్’ కింద, అంటే డీలరే అమ్మిపెట్టేలా ఎక్కడైనా వదిలితే, డబ్బు ఖాతాలో పడేదాకా ఫారం 29, 30 (పేరు మార్పు కాగితాలు) మీద సంతకాలు పెట్టి ఇవ్వకండి. ఖాళీ ఫారాలు అసలే ఇవ్వకండి. ఆర్‌సీ మీద మీ పేరున్నంత కాలం ప్రమాదం జరిగితే బాధ్యత మీదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. అమ్మిన 14 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేయాలి. లోను తీరిందా? ఫారం 35తో బ్యాంకు పేరు ఆర్‌సీలోంచి తీయించండి. కొంత నగదు, కొంత వైట్ అనే బేరం మన వైపు మామూలే గానీ, 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవాడికే అంత పెనాల్టీ.

ఇన్సూరెన్సులో నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మీది. ఐదేళ్ళు క్లెయిమ్ లేకపోతే సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు. పాత కారు అమ్మగానే కంపెనీ దగ్గర లెటర్ తీసుకుంటే మూడేళ్ళలోపు కొత్త కారుకి వాడుకోవచ్చు. బావ మరిచిపోయాడు. నేనూ మరిచిపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇంజిన్‌లోకి నీళ్ళు పోయినా ఖర్చిచ్చే ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా తీసుకోండి. 2021 నవంబరులో పెన్నా పొంగి హైవేనే తెంపేసింది, ఇక మన కారెంత.

7. కొన్నాక

మొదటి మూడు నెలలు ఏమీ మార్చకండి, సైలెన్సర్ కూడా. కారుని వారానికోసారి బయటికి తీయండి, పది కిలోమీటర్లయినా సరే. ఊరికే ఉంటే ఎలుకలు వైర్ల దాకా వస్తాయి. అప్పటికీ పాత కారే గుర్తొస్తుంటే వెంటనే వెతకండి. ఆలస్యమైతే మీది ఇంకెవరి షెడ్డులోకో పోతుంది. బావ వెతికేసరికి ఆయన 911 కోయంబత్తూరు చేరిపోయింది, ఆ ఓనరు ఎంతకీ ఇవ్వనన్నాడు.

చివరికి చెన్నైలో అలాంటిదే ఇంకోటి దొరికింది. వచ్చిన ఆదివారమే కొత్తపట్నం బయల్దేరాం. పెద్ద మేనకోడలు ఇంటర్‌లో చేరింది, మోకాళ్ళు వెనక పట్టడం లేదు. “ముందు సీటు నాది మామయ్యా” అని ఎక్కి కూర్చుంది. వెనక చిన్నది, దాని పక్కన బిర్యానీ డబ్బా. నేను అక్క స్కూటర్ తాళం అడిగి తీసుకుని కారు వెనకాలే పోయాను.