చిరునామాను బట్టి ఆరోగ్య అవసరం అంచనా – 3వ పాఠం: కౌన్సిల్ ట్యాక్స్ బ్యాండు

కిందటి పాఠంలో చూసిన పేదరికపు సూచీ సుమారు 1,500 మంది ఉండే ప్రాంతానికంతా కలిపి ఒకే మార్కు వేస్తుంది. ఆ ప్రాంతంలో ఉన్న బంగళాకీ, కౌన్సిల్ (స్థానిక సంస్థ) అద్దెకిచ్చే ఫ్లాటుకీ తేడా చూపదు. ఈసారి కలిమిలేముల గురించి ఇంటింటికీ విడిగా దొరికే గుర్తును పట్టుకుందాం.

బ్రిటన్‌లో కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఇళ్ల మీద వేసే స్థానిక పన్ను, 1993 ఏప్రిల్‌లో వచ్చింది. ఇంగ్లండ్‌లో ఎ నుంచి హెచ్ దాకా 8 బ్యాండ్లు, అంటే ఇంటి ధరను బట్టి మెట్లు. 1991 ఏప్రిల్ 1న ఇల్లు ఎంత పలికేదన్నదే లెక్క: 40,000 పౌండ్ల దాకా ఎ, 3,20,000 దాటితే హెచ్. నిన్న కట్టిన ఇంటికీ 1991 ధరే ఊహిస్తారు. వేల్స్ మాత్రం 2003 ధరలకు మారింది, ఐ బ్యాండు కూడా చేర్చింది. కాబట్టి వేల్స్‌లోని కార్డిఫ్‌లో సి బ్యాండు, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో సి బ్యాండు ఒకటి కావు. లండన్‌నూ ఈశాన్య ఇంగ్లండ్‌నూ కూడా ఒకే గాట కట్టొద్దు; ఈశాన్యంలో సగానికి పైగా ఇళ్లు ఎ బ్యాండువే. పోలిక ఒకే ఊరి లోపలే చెయ్యండి.

ఇప్పుడు అసలు పని. ఇవి అభ్యాసం కోసం వేసుకున్న అంకెలు. ఒక జీపీ (కుటుంబ వైద్యుడి) క్లినిక్‌లో ఎ బ్యాండు వాళ్లు 1,000 మంది, ఏడాదికి 5,000 సార్లు వచ్చారు. ఇ బ్యాండు వాళ్లూ 1,000 మందే, 5,400 సార్లు వచ్చారు. అంటే ఉన్నవాళ్లకే అవసరం ఎక్కువా? తొందరపడకండి, వయసు విడదీయండి.

ఎ బ్యాండులో 65 లోపువాళ్లు 800 మంది, తలా 4 సార్లు. పెద్దవాళ్లు 200 మంది, తలా 9 సార్లు. ఇ బ్యాండులో 65 లోపువాళ్లు 400 మంది, తలా 3 సార్లు. పెద్దవాళ్లు 600 మంది, తలా 7 సార్లు. ఏ వయసులో చూసినా ఎ బ్యాండు వాళ్లే ఎక్కువ వస్తున్నారు. ఇ బ్యాండులో వృద్ధులు ఎక్కువ కావడం వల్ల మొత్తం తలకిందులైంది. ఈ మెట్టు ఎగ్గొట్టి డాక్టర్లనూ నర్సులనూ కేటాయిస్తే పేదల వీధికి అన్యాయం జరుగుతుంది. అందుకే దీని దగ్గర ఇంతసేపు ఆగాను.

ఇంకో జాగ్రత్త. బ్యాండు బిల్లు చూసి రాసుకోకండి. వైకల్యం ఉన్నవారి కోసం ఇంట్లో ప్రత్యేక ఏర్పాట్లు ఉంటే, బిల్లును ఒక బ్యాండు తగ్గించి వేసే వెసులుబాటు ఉంది. అసలు బ్యాండు ప్రభుత్వ వాల్యుయేషన్ జాబితాలో ఉంటుంది. పోస్ట్‌కోడ్ కొడితే కనిపిస్తుంది. మన పిల్లలు చదువుకోడానికి వెళ్లి నలుగురైదుగురు కలిసి అద్దెకుండే ఇళ్లను విడిగా పెట్టండి. ఇల్లు డి బ్యాండైనా, ఆ కలిమి ఇంటి యజమానిది, అద్దెకున్నవాళ్లది కాదు.

అభ్యాసం: పై లెక్కలో రెండు బ్యాండ్లలోనూ పెద్దవాళ్లు 300 మందే అనుకుని మళ్లీ కట్టండి. ఎ బ్యాండుకు 5,500, ఇ బ్యాండుకు 4,200 రావాలి. వచ్చే పాఠం: ఒంటరిగా ఉండేవారికి ఇచ్చే 25 శాతం తగ్గింపు నుంచి ఏం తెలుసుకోవచ్చు.