రేవు కరెంటు కంటే ముందు ఎండకూ గాలికీ చోటివ్వాలంటే

విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన, పున్నమి ఘాట్ వైపో భవానీ ద్వీపం వైపో పడవను కట్టేసుకుని, పైకప్పు మీద సోలార్ పలకలూ చిన్న గాలిమరా అమర్చుకున్నవారు ఒడ్డు నుంచి వచ్చే కరెంటు తీగను రాత్రింబవళ్లు తగిలించే ఉంచితే, పెట్టిన పెట్టుబడిలో చాలా భాగం వృథా అవుతుంది. బ్యాటరీకి తన లోపలికి వచ్చే విద్యుత్తు ఎక్కడిదన్న పట్టింపు లేదు. ఎవరి వోల్టేజీ ఎక్కువగా ఉంటే వారి కరెంటునే తీసుకుంటుంది. రేవు కరెంటుతో రాత్రంతా పనిచేసిన ఛార్జర్ తెల్లవారేసరికి దాన్ని నింపేస్తే, పగటి ఎండకు చోటే మిగలదు.

కాబట్టి మొదట చేయవలసింది ఉదయానికి బ్యాటరీలో ఖాళీ ఉంచడం. షంట్ (వచ్చిపోయే కరెంటును కొలిచే నిరోధకం) ఉన్న బ్యాటరీ మానిటర్ రిలేకు, అంటే దానంతటదే పనిచేసే స్విచ్చుకు, ఛార్జర్‌ను కలిపి, లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే 50 శాతానికి తగ్గినప్పుడు మొదలై 60 శాతం దగ్గర ఆగేలా, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 20 దగ్గర మొదలై 30 దగ్గర ఆగేలా పెట్టుకోవాలి. 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మొత్తం 2.4 యూనిట్లు పడతాయి. అందులో 40 శాతం ఖాళీ అంటే ఇంచుమించు ఒక యూనిట్, దాన్ని 400 వాట్ల పలకలు మబ్బులేని రోజున సునాయాసంగా నింపగలవు. లిథియం బ్యాటరీలో వోల్టేజీ చాలాసేపు దాదాపు ఒకే చోట నిలిచి ఉంటుంది కనుక, వోల్టేజీని బట్టి శాతాన్ని అంచనా వేయడం అక్కడ పనికిరాదు. మానిటర్ ఉండి తీరాలి.

రిలే లేకుండా ఛార్జర్‌ను తగిలించే ఉంచేవారు మన వేసవిని లెక్కలోకి తీసుకోవాలి. ఈ విషయాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ 25 డిగ్రీలకు మించి వేడెక్కిన ప్రతి డిగ్రీకీ, ఛార్జింగ్ వోల్టేజీని సెల్లుకు సుమారు 4 మిల్లీవోల్టులు, అంటే 12 వోల్టుల బ్యాటరీలోని ఆరు సెల్లులకు 24 మిల్లీవోల్టులు, తగ్గించాలి. మే నెలలో బ్యాటరీ ఉంచిన అర 40 డిగ్రీలకు చేరితే ఆ తగ్గింపు 0.36 వోల్టులవుతుంది. ఉష్ణోగ్రత సెన్సార్ ఉన్న సోలార్ కంట్రోలర్ (పలకల నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే పరికరం) తన 13.6 వోల్టుల ఫ్లోట్‌ను, అంటే నిండిన బ్యాటరీని నిండుగా నిలిపే వోల్టేజీని, 13.24కు దించుకుంటుంది, సెన్సార్ లేని ఛార్జర్ మాత్రం 13.6 దగ్గరే ఉండి, బ్యాటరీని తానే పోషిస్తూ, దానికి హాని కూడా చేస్తుంది. అందువల్ల రెండింటికీ సెన్సార్ ఉండాలి. లేదా ఛార్జర్‌ను 13 వోల్టులకు మించనివ్వకూడదు. లిథియం బ్యాటరీకి ఈ సవరణ అవసరం లేదు కనుక, కంట్రోలర్‌లో దాన్ని ఆపేయాలి.

గాలి వేగం రెట్టింపయితే గాలిలోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. నైరుతి రుతుపవనాల గాలి, ముఖ్యంగా రాత్రిపూట, ఉపయోగపడుతుంది. అయితే ఇంద్రకీలాద్రీ ఒడ్డు మీది కట్టడాలూ గాలిని చెదరగొడతాయి కాబట్టి, డబ్బు పరిమితంగా ఉన్నవారు ముందు పలకలకే ఖర్చు పెట్టడం మంచిదని నా అభిప్రాయం. బ్యాటరీ నిండిందని తిరుగుతున్న గాలిమర తీగను మాత్రం ఎన్నడూ విప్పకూడదు. భారం లేని గాలిమర అదుపు తప్పి తిరుగుతుంది. మిగులు విద్యుత్తును హీటర్ లాంటి నిరోధకానికి మళ్లించే కంట్రోలర్ తప్పనిసరి.

వరుసగా ముసురు పట్టిన రోజుల్లో, ఛార్జర్‌ను మధ్యలోనే ఆపే నియమాన్ని సడలించాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఎన్నాళ్లూ సగంలోనే ఉంచితే దాని లోపలి సీసపు పలకలకు సల్ఫేట్ పట్టి సామర్థ్యం పోతుంది. వారానికొకసారైనా రేవు కరెంటుతోనే పూర్తిగా నింపాలి. నీటి పక్కన వాడే ఆ తీగను 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకర్ (కరెంటు లీకయితే సరఫరాను ఆపే పరికరం) లేకుండా పడవకు తగిలించకూడదు.

అమరిక పూర్తయ్యాక, మబ్బులేని రోజు మధ్యాహ్నం, తీగ తగిలించి ఉండగానే ఛార్జర్ నుంచి వచ్చే ఆంపియర్లను చూడండి. సున్నాకు దగ్గరగా లేకపోతే దాని వోల్టేజీని 0.1 చొప్పున తగ్గిస్తూ మళ్లీ చూడండి.