కార్డ్‌లెస్ డ్రిల్లు పాఠాలు – 4: పెట్టె మీది అంకె, లోపలి సెల్లు

మూడో పాఠం చదివి ముగ్గురు డ్రిల్లులు కొన్నారు. ఆ మూడూ ఒడిశాలోని రాయగడలో నా పని బల్ల మీదికే వచ్చాయి.

గుణుపురం నుంచి వచ్చిన అన్నగారు రథయాత్ర రోజుల్లో రోడ్డు పక్కన వెలసిన దుకాణంలో ‘48’ అని పెద్ద అంకె వేసిన డ్రిల్లు కొన్నారు. పర్లాకిమిడిలో అల్యూమినియం తలుపులు, పార్టిషన్లు బిగించే తమ్ముడు 12 వోల్టుల చిన్న మిషను తీసుకుని రోజుకు నూట యాభై స్క్రూలు ఎక్కించాడు. పదిహేను రోజులకే మోటారు నుంచి కాలిన వాసన మొదలైంది. జయపురం నుంచి వచ్చిన మాస్టారు మంచి కంపెనీ మిషనే కొన్నారు. నెల తర్వాత అదే కంపెనీ పేరు చూసి విడిగా ఇంకో బ్యాటరీ తెప్పించుకున్నారు. అది గాడిలోకి ఎక్కలేదు.

మూడు పొరపాట్లకూ మూలం నా పాఠంలోనే ఉంది. ‘వోల్టులు పెరిగితే బలం పెరుగుతుంది, ఇంటికి పన్నెండు చాలు, పనికి పద్దెనిమిది కావాలి’ అని రాసి వదిలేశాను. ఆ అంకెను ఎక్కడ చూడాలో, ఎవరి అంకెను నమ్మాలో చెప్పలేదు. ఈసారి బిట్ల గురించి చెబుతానన్న మాట వాయిదా వేస్తున్నాను. ముందు ఈ ముడి విప్పాలి.

చక్‌లో బిట్టు బిగించడం, ముందుకూ వెనక్కూ తిప్పే మీట, మీటను నడిమధ్యకు నెట్టి మిషనుకు తాళం వేయడం మీకు వచ్చుననే అనుకుంటున్నాను. వాటి జోలికి పోను.

అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

డ్రిల్లు బ్యాటరీలో ఉండే లిథియం సెల్లు ఒక్కోటి సగటున 3.6 వోల్టులు ఇస్తుంది. నిండా ఛార్జయినప్పుడు 4.2 దాకా చూపిస్తుంది. పాత టార్చిలైటులో సెల్లులను ఒకదాని వెనుక ఒకటి పేర్చినట్టే ఇక్కడా పేరుస్తారు. మూడు పేరిస్తే 10.8 వోల్టులు, నిండుగా ఉంటే 12.6. దీన్నే 12 వోల్టుల మిషను అంటారు. ఐదు పేరిస్తే 18, నిండుగా ఉంటే 21. ఈ ఐదు సెల్లుల మిషనుకే బాష్, మకీటా 18 అని పేరు పెడితే, డీవాల్ట్ ‘20 మ్యాక్స్’ అని రాస్తుంది. చైనా నుంచి వచ్చే చాలా పెట్టెల మీద 21 అని ఉంటుంది. పద్దెనిమిది, ఇరవై, ఇరవై ఒకటి: మూడూ అవే ఐదు సెల్లులు. కొలిచిన వేళ వేరు, అంతే. ‘పద్దెనిమిది కన్నా ఇరవై ఎక్కువ కదా’ అని ఏ దుకాణదారైనా అంటే, ఆ మాట మీద ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వకండి.

ఇక 48 సంగతి. దీని మీద నాకు నిజంగానే కోపం ఉంది, అందుకే నిదానంగా చెబుతాను. 48 వోల్టులు రావాలంటే పదమూడు సెల్లులు వరుసగా ఉండాలి. విద్యుత్తు సైకిళ్లకు వాడే 48 వోల్టుల బ్యాటరీ ఎంత ఉంటుందో చూసి ఉంటారు, రెండు చేతులతో ఎత్తాలి. పిడికిట్లో ఇమిడే డబ్బాలో అది పట్టదు. గుణుపురం అన్నగారి ముందే ఆ బ్యాటరీ అడుగున ఉన్న నాలుగు స్క్రూలు తీశాను. లోపల ఆకుపచ్చ తొడుగు వేసిన సెల్లులు ఐదు. ఒక్కోటి పద్దెనిమిది మిల్లీమీటర్ల లావు, అరవై ఐదు పొడవు. వాటిని కలుపుతూ సన్నని నికెల్ పట్టీలు, పక్కన అగ్గిపెట్టెంత సర్క్యూట్ పలక. మల్టీమీటర్ పెట్టాను. 20.4. అన్నగారు తీగలు తీసి మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ 20.4. అప్పుడు ఆయన పెట్టెను తిప్పి అంకె పక్కన చిన్నగా ఉన్న అక్షరాలు చదివారు: ‘48 వీఎఫ్’. వోల్టుకు వేసే ‘వి’ పక్కన ఒక ‘ఎఫ్’ తగిలించారు. ఆ ‘ఎఫ్’ అంటే ఏమిటో పెట్టె మీద ఎక్కడా లేదు. ఇలాగే 36 వీఎఫ్, 88 వీఎఫ్ అని కూడా అమ్ముతారు. కష్టపడి సంపాదించిన డబ్బుతో కొనేవాడి కళ్ల ముందు ఇంత అబద్ధం పెట్టడం అన్యాయం.

మీరు మాత్రం బ్యాటరీ విప్పకండి. ఆ నికెల్ పట్టీల మీద స్క్రూడ్రైవరు అడ్డంగా పడితే నిప్పురవ్వలు లేస్తాయి, చేయి కాలుతుంది. విప్పకుండానే నిజం తెలుసుకునే దారి ఉంది. ఛార్జర్ తీసుకుని వెనక్కు తిప్పండి. దాని మీద ‘అవుట్‌పుట్’ అన్న వరుస ఉంటుంది. అక్కడ 12.6 అని ఉంటే మూడు సెల్లులు, 21 అని ఉంటే ఐదు. అన్నగారి ఛార్జర్ మీద 21 అనే ఉంది. డబ్బా మీద ఏ అంకె వేసినా ఛార్జర్ మీద సాధారణంగా అబద్ధం వేయరు. ఐదు సెల్లులకు 48 వోల్టులు పంపితే అవి వేడెక్కి అంటుకోవచ్చు. పేరున్న కంపెనీల ఛార్జర్ల మీద 14.4–18 అన్నట్టు ఒక పరిధి కనిపిస్తుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. కొనే ముందు దుకాణంలోనే ఛార్జర్ బయటికి తీయించి చూడండి. తీయనివ్వని చోట కొనకండి.

బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే ఆంపియర్ అవర్ లెక్కలోనూ ఇదే జరుగుతోంది. ఇందాక చెప్పిన కొలత సెల్లును 18650 అంటారు. ఎంత మంచి రకమైనా ఒక్క సెల్లు మూడున్నర ఆంపియర్ అవర్ల దగ్గర ఆగిపోతుంది. సెల్లులను వరుసగా పేరిస్తే వోల్టులు కలుస్తాయి, ఆంపియర్ అవర్లు కలవవు. కాబట్టి ఆ ఐదు సెల్లుల డబ్బా మీద ఆరు అనో ఎనిమిది అనో రాస్తే అది తప్పు. నిజాయితీగా రాసిన 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 36 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. రెండు బ్యాటరీలను పోల్చాలంటే వోల్టులనూ ఆంపియర్ అవర్లనూ గుణించి చూడండి.

బలం చెప్పే అంకె

బలాన్ని చెప్పేది న్యూటన్ మీటర్లలో ఉండే టార్క్. మీటరు పొడవు కర్రను అడ్డంగా పట్టి చివర మూడు కిలోల బియ్యం సంచి వేలాడదీస్తే మొదట్లో పుట్టే మెలి సుమారు ముప్ఫై న్యూటన్ మీటర్లు. బాష్ నీలం రంగు మిషన్లలో జీఎస్‌బీ 120 అనే 12 వోల్టుల డ్రిల్లు బలం ఇంతే. కర్టెన్ రాడ్డు, గోడ అలమర, మంచం మరలు, తలుపు గడియ, ఇటుక గోడకు ఫొటో ఫ్రేము, ఇవన్నీ దానితో అయిపోతాయి. మకీటా హెచ్‌పీ 457 అనే 18 వోల్టుల మిషనుది 42. చేతి పని చేసుకుని బతికేవారికి నలభైకి తగ్గకూడదని నా లెక్క. పర్లాకిమిడి తమ్ముడు కొన్న మిషను చెడ్డది కాదు, ఇంటికి చేసిన దాన్ని పొద్దస్తమానం పనికి పెట్టాడు, అంతే. దాన్ని ఇంట్లో వాళ్లకు ఇచ్చేసి పనికి పెద్దది తీసుకోమన్నాను. తీసుకునేటప్పుడు కార్బన్ బ్రష్షులు లేని మోటారు చూడమన్నాను. ధర ఎక్కువే, కానీ వేడి తక్కువ, అదే బ్యాటరీతో ఇంకాస్త పని అవుతుంది.

ఒక హెచ్చరిక. సుత్తి గుర్తు ఉన్న కార్డ్‌లెస్ డ్రిల్లు ఎర్ర ఇటుకకూ ఫ్లైయాష్ ఇటుకకూ చాలు. స్లాబు, బీము, పిల్లరు దాని పని కాదు. వాటికి ఎస్‌డీఎస్ బిట్లు, అంటే వెనుక గాడులున్న బిట్లు, పట్టే రోటరీ హామర్ కావాలి. అది ఈ డ్రిల్లులా పళ్ల చక్రాలు ఒరుసుకుని కొట్టే మిషను కాదు, లోపలి పిస్టను గాలి ఒత్తిడితో కొడుతుంది. ఏడాదికి రెండుసార్లు స్లాబుకు రంధ్రం వేసేవారు అద్దెకు తెచ్చుకోండి.

కంపెనీని కాదు, బ్యాటరీ కుటుంబాన్ని ఎంచుకోండి

ఇప్పుడు మాస్టారి బ్యాటరీ. పేరు ఒకటే అయినంత మాత్రాన గాడి ఒకటి కాదు. బాష్ నీలం మిషన్ల 18 వోల్టుల బ్యాటరీ ఆకుపచ్చ మిషన్లకు ఎక్కదు. నీలంలోనే 12 వోల్టులది 18కి పనికిరాదు. మకీటా 18 వోల్టుల్లో ఎల్ఎక్స్‌టీ ఒక కుటుంబం, జీ వరుస ఇంకో కుటుంబం. వోల్టులు ఒకటే, పేరు ఒకటే, అయినా ఒకదాని బ్యాటరీ ఇంకొకదానికి పట్టదు. ఇందాక చెప్పిన 457 జీ వరుసలోది. డీవాల్ట్, స్టాన్లీ, బ్లాక్ అండ్ డెక్కర్ ఒకే యాజమాన్యం కింద ఉన్నా వాటి బ్యాటరీలు వేటికవే. హిటాచీ పేరుతో పాత మిషను ఉన్నవారు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఆ కంపెనీ మిషన్లు 2018 నుంచి హైకోకి పేరుతో వస్తున్నాయి, దుకాణంలో ఆ పేరుతో అడగాలి.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, మొదటి డ్రిల్లుతో మీరు కొనేది డ్రిల్లు ఒక్కటే కాదు. రేపు గ్రైండరు, ఎల్లుండి చిన్న రంపం, ఆ పైన బ్లోయరు. అవన్నీ బ్యాటరీ లేకుండా బాడీ మాత్రమే దొరుకుతాయి, ధర బాగా తగ్గుతుంది. కానీ మీ బ్యాటరీ కుటుంబంలో ఆ మిషన్లు ఉండాలి. అందుకే ఇంటికి మాత్రమే కావాలంటే మకీటా జీ వరుస హాయిగా తీసుకోండి, పని నేర్చుకుంటున్న వడ్రంగి కుర్రవాడైతే మిషన్లు ఎక్కువ ఉన్న ఎల్ఎక్స్‌టీకే వెళ్లాలి. నా పెట్టెలో ఎల్ఎక్స్‌టీ ఉంది, ఇంట్లో బాష్ నీలం 12 ఉంది. డీవాల్ట్ పిడి నా అరచేతికి లావుగా ఉంటుంది, పెద్ద చేతులవారు దాన్నే మెచ్చుకుంటారు. పిడి పట్టుకుని చూడకుండా ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకోవడం నాకు నచ్చదు.

దుకాణంలోకి వెళ్లగానే నేను డ్రిల్లు ధర అడగను. ‘ఈ మిషనుకు విడి బ్యాటరీ ఎంత? ఈ రోజు మీ దగ్గర ఉందా?’ అని అడుగుతాను. జవాబు తడబడితే బయటికి వచ్చేస్తాను. రెండేళ్లకో మూడేళ్లకో పోయేది బ్యాటరీ. అది దొరకని డ్రిల్లు మూల పడేసిన ఇనుమే. రెండో ప్రశ్న మరమ్మతు గురించి. రాయగడ, గుణుపురం వైపు వాళ్లకు భువనేశ్వర్ దూరాభారం. రాయగడ నుంచి పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖకు నేరుగా రైలు ఉంది, కాబట్టి కొనే కంపెనీ మరమ్మతు కేంద్రం విశాఖలో ఉందో లేదో ముందే కనుక్కోండి. బరంపురం దగ్గర వాళ్ల లెక్క వేరు, భువనేశ్వరే దగ్గర. రాష్ట్రం దాటి కొన్నా వారంటీ చెల్లుతుందా అని చాలామంది అడిగారు. పేరున్న కంపెనీల వారంటీ దేశమంతటా చెల్లుతుంది, అయితే బిల్లు ఉండాలి. ఒడియాలోనో తెలుగులోనో చిన్న కాగితం మీద రాసిచ్చే చీటీ బిల్లు కాదు. బిల్లు మీద జీఎస్టీ నంబరు, మిషను సీరియల్ నంబరు రెండూ ఉండాలి. సీరియల్ నంబరు రాయమని నిలబడి రాయించుకోండి.

ఎండ సంగతి క్లుప్తంగా. వేసవిలో బ్యాటరీని బండి డిక్కీలో వదలకండి. పని చేసి వేడెక్కిన బ్యాటరీని చల్లారాకే ఛార్జింగుకు పెట్టండి. నెలల తరబడి వాడనప్పుడు సగం ఛార్జితో పక్కన పెట్టండి.

అభ్యాసం

ఇది పదిహేను రోజుల పని, తేలిక కాదు. మీ ఇంట్లోనూ ఇరుగుపొరుగు ఇళ్లలోనూ ఉన్న కార్డ్‌లెస్ మిషన్లు కనీసం ఐదు వెతకండి. ఒక్కోదానికి పెట్టె మీది వోల్టులు, ఛార్జర్ మీది వోల్టులు, ఆంపియర్ అవర్లు, టార్క్ నోటుపుస్తకంలో రాయండి. ఛార్జర్ అంకెను 4.2తో భాగించి సెల్లుల సంఖ్య కట్టండి. పరిధి ఉన్న ఛార్జర్ అయితే ఈ లెక్క వదిలేయండి. ఆ తర్వాత మూడు దుకాణాలకు వెళ్లి ఒకే మిషనుకు విడి బ్యాటరీ ధర అడిగి పక్కన వేయండి.

డ్రిల్లు చేతిలో ఉన్నవారికి ఇంకొకటి. సాల కర్ర ముక్క తీసుకుని మూడు మిల్లీమీటర్ల బిట్టుతో నలభై రంధ్రాలు వేయండి. యాభై మిల్లీమీటర్ల స్క్రూలు నలభై ఎక్కించండి. క్లచ్ (చక్ వెనుక అంకెలున్న రింగు) ఒకటో అంకె నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టు పెంచుతూ, స్క్రూ తల కర్రతో సమంగా కూర్చునే అంకె ఏదో కనిపెట్టి రాసుకోండి. మధ్యలో మోటారు మీద చేయి పెట్టి చూడండి, చేయి నిలవనంత వేడిగా ఉంటే పావుగంట ఆపండి. సాల కర్ర దొరకకపోతే వేప సరిపోతుంది, మామిడి వద్దు, మరీ మెత్తన. ఐదో పాఠంలో బిట్లు మొదలుపెట్టేటప్పుడు ఆ క్లచ్ అంకె అడుగుతాను.