క్యాబినెట్ సా కొనేముందు ఫెన్స్‌ని కదిపి చూడండి

క్యాబినెట్ టేబుల్ సా (కింద మూసిన పెట్టెలో మోటారు ఉండే, చెక్క కోసే బల్ల రంపం) కొనేటప్పుడు అందరూ ముందు మోటారు ఎన్ని హెచ్‌పీ అనే అడుగుతారు. 10 అంగుళాల బ్లేడుకి 3 హెచ్‌పీ ఉంటే గట్టి చెక్కకీ సరిపోతుంది, ఆ లెక్క అక్కడితో వదిలేయండి. అసలు చూడాల్సింది ఫెన్స్, అంటే చెక్కని ఆనించి ముందుకు తోసే పక్క పట్టీ. లాక్ చేసి, వెనక చివర చేత్తో పక్కకి నెట్టండి. కొద్దిగా వంగి వెంటనే వెనక్కి వస్తే పర్వాలేదు. జరిగి అక్కడే ఉండిపోతే మాత్రం ఆ మెషిన్ వద్దు. ఫెన్స్ వెనకవైపు బ్లేడు మీదికి వాలితే చెక్క ఇరుక్కుని మీ మీదికే ఎగిరొస్తుంది.

తర్వాత ప్లగ్ తీసేసి, బ్లేడులో ఒక పన్నుకి మార్కర్‌తో గుర్తు పెట్టండి. మైటర్ గాడి (బల్ల మీద బ్లేడు పక్కన ఉండే పొడవాటి గాడి) నుంచి ఆ పన్ను దూరం ముందువైపు కొలవండి, బ్లేడు తిప్పి అదే పన్నుని వెనకవైపు కొలవండి. రెండూ ఒకటే రావాలి. తేడా వచ్చినా టెన్షన్ అక్కర్లేదు. క్యాబినెట్ సాలో బ్లేడుని మోసే ట్రనియన్లు పైబల్లకి కాకుండా కింది పెట్టెకి బిగించి ఉంటాయి. బల్ల బోల్టులు వదులు చేసి సరిచేసుకోవచ్చు. ట్రనియన్లు పైబల్లకే బిగించి ఉండే తేలికపాటి కాంట్రాక్టర్ సాలో ఇదే పనికి చాలా ఓపిక కావాలి.

రివింగ్ నైఫ్ (బ్లేడు వెనకే ఉండి, కోసిన చెక్క మళ్లీ మూసుకుపోకుండా ఆపే రేకు) లేని పాత మెషిన్ ఎంత చవగ్గా వచ్చినా నేనైతే తీసుకోను. మీ షాపులో ఉన్న కరెంటు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అన్నది కూడా ఆర్డర్ పెట్టే ముందే చూసుకోండి.