బిర్యానీ చేదొచ్చిందా? ముందు ఆ గింజ కొరికి చూడండి

"అన్నీ కొలత ప్రకారమే వేశాను, చేదెందుకొచ్చింది?" అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒకటే. కొత్తగా కొన్న దినుసును గిన్నెలో వేసేముందు ఒక గింజ కొరికి చూశారా? చూశామన్నవాళ్ళు బహు తక్కువ. ఉప్పు చూస్తాం, పులుపు చూస్తాం, పొట్లంలో ఉన్నదాన్ని మాత్రం పేరు చూసి నమ్మేస్తాం.

సమస్య: ఏదీ మాడలేదు. అయినా అన్నంలో సన్నటి చేదు, ఉల్లి ఘాటు, ఏదో మందు వాసన.

కారణం: షాజీరా (బిర్యానీలో వేసే సన్న జీలకర్ర లాంటి దినుసు) బదులు కలౌంజీ (తలనూనెలో వేసి కాచే నల్ల గింజలు) పడింది.

తంటా అంతా "నల్ల జీలకర్ర" అనే పేరుతోనే. కొందరు షాజీరాను అలా అంటారు. తలనూనె కాచేవాళ్ళు, మూలికల కొట్టువాళ్ళు కలౌంజీని అలా అంటారు. బెంగాలీలో "కాలో జీరే" అంటే కలౌంజీయే. విదేశాల్లో బంగ్లాదేశీ కొట్టుకెళ్ళి "కాలా జీరా" అడిగితే ఇంకేమిస్తారు పాపం?

మా తమ్ముడి గృహప్రవేశం రోజు నాకూ ఈ దెబ్బ తగిలింది. మూడు కిలోల బియ్యం, పొట్లం మీద పేరు చూసి మూడు చెంచాలు వేసేశాను. మూత తీస్తే తలనూనె వాసన! మా పిన్ని ఒక్క ముద్ద తిని, "ఏరా, ఇందులో ఏం మందు కలిపావు?" అంది.

తేడా పట్టడం కష్టమేం కాదు. రెండూ అరచేతిలో పోసుకోండి. షాజీరా మామూలు జీలకర్ర కంటే సన్నగా, కాస్త వంకరగా, ముదురు గోధుమ రంగులో, ఒంటి మీద చారలతో ఉంటుంది. కలౌంజీ నల్ల నువ్వుల్లా కనిపిస్తుంది కానీ మూలలు తేలి ఉంటుంది, చారలుండవు. నలిపితే ఉల్లి వాసన కొడుతుంది (ఉల్లికి దానికి ఏ చుట్టరికమూ లేదు). కొరికితే చేదు.

పరిష్కారం: నూనెలో వేయగానే తేడా తెలిస్తే మొహమాటపడకుండా ఆ నూనె పారబోసి మళ్ళీ మొదలుపెట్టండి. మాంసానికి పట్టించాక తెలిస్తే పెరుగు, వేయించిన ఉల్లిపాయలు కాస్త పెంచితే చేదు సర్దుకుంటుంది, పూర్తిగా పోదు. దమ్ము అయిపోయాక చేసేదేం లేదు, పక్కన రైతా ఎక్కువ పెట్టండి. మిగిలిన కలౌంజీ పారెయ్యక్కర్లేదు. నాన్ మీద చల్లుకోవచ్చు, ఉత్తరాదివాళ్ళ మామిడి ఊరగాయలోనూ పడుతుంది.

మిగతావి, క్లుప్తంగా:

పళ్ళకింద ఇసుక తగిలితే అది రాతి పువ్వు పని. రాళ్ళమీదా చెట్ల బెరడుమీదా పెరిగేది కదా, కడిగి ఆరబెట్టాకే వాడాలి. పొగ వాసన వస్తే టెన్షన్ వద్దు. నల్ల యాలకులు నిప్పు సెగమీద ఆరబెడతారు, వాటి వాసనే అంత. కిలోకి రెండు చాలు. కసూరీ మేతి (ఎండు మెంతాకు) ఎక్కువసేపు ఉడికినా చేదే, దించేముందు నలిపి వేయండి. నాలుక మొద్దుబారితే లవంగాలు తగ్గించండి. కల్తీ అంటారా, ఉండొచ్చు. కానీ నా దగ్గరికొచ్చిన చేదు బిర్యానీల్లో కల్తీ కంటే పేరు తికమకే ఎక్కువ.