డిక్కీలో ఆంప్ పెట్టాక వచ్చే తంటాలు

కారులో సబ్‌వూఫర్ (బాస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) పెట్టించాక ఏ తేడా వచ్చినా అందరూ ముందు దాన్ని నడిపే ఆంప్‌నే (ఆంప్లిఫయర్) అనుమానిస్తారు. నేను చూసినంతలో చాలాసార్లు దోషం ఎర్త్ వైరుదే, అంటే ఆంప్ మైనస్‌ను బండి బాడీకి కలిపే వైరుదే. ఓ చవక మల్టీమీటరు దగ్గర పెట్టుకోండి. ఏ వైరు విప్పాలన్నా ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి, కొలిచేటప్పుడు మళ్లీ తగిలించండి.

ఆంప్ ఆన్ కావడం లేదు

ఆంప్ టెర్మినళ్ల దగ్గరే కొలవండి. ఇంజన్ ఆపి ఉంటే 12.5 వోల్టుల దరిదాపుల్లో రావాలి. సున్నా వస్తే బ్యాటరీ పక్కనున్న ఫ్యూజ్ చూడండి. వోల్టులు సరిగ్గానే ఉంటే రిమోట్ వైరు (స్టీరియో నుంచి వచ్చి ఆంప్‌ను ఆన్ చేసే వైరు) సంగతి చూడాలి. స్టీరియో ఆన్ చేయగానే దాంట్లో 12 వోల్టులు రావాలి.

పొద్దున్నే సెల్ఫ్ తీసుకోవడం లేదు

ఆ రిమోట్ వైరునే ఎప్పుడూ కరెంటుండే వైరుకు కలిపేసి ఉంటారు. స్టీరియో ఆపినా ఆంప్ రాత్రంతా మేలుకునే ఉంటుంది. స్టీరియో వెనక సాధారణంగా నీలం-తెలుపు రంగులో ఉండే రిమోట్ వైరుకు మార్చండి. అది లేకపోతే తాళం తిప్పితేనే కరెంటొచ్చే ఫ్యూజ్ నుంచి తీసుకోండి.

యాక్సిలరేటర్ తొక్కితే కూత

డోర్ స్పీకర్లు కూడా ఆంప్ మీద నడిచే బండ్లలోనే ఇది బాగా వినిపిస్తుంది. కూత ఇంజన్ వేగంతో పాటు పెరుగుతుంది. అది ఆల్టర్నేటర్ శబ్దం. నా బండికి షాపులో ఎర్త్‌ను సీటు బోల్టు కింద, పెయింటు మీదే బిగించారు. పైకి చూస్తే గట్టిగానే ఉంది! పాట గట్టిగా పెట్టి, బ్యాటరీ మైనస్ నుంచి ఆంప్ ఎర్త్ దాకా పొడుగు వైరుతో కొలిస్తే ముప్పావు వోల్టు చూపించింది. రూపాయి బిళ్లంత మేర పెయింటు గీకి, తళతళలాడే రేకు మీద బిగిస్తే 0.1 కంటే దిగింది. కూత ఆగింది. బిగించాక పైన కాస్త గ్రీజు రాయండి, తుప్పు పట్టదు. ఎర్త్ వైరు పవర్ వైరంత లావుండాలి, మూరెడు మించకూడదు. సీటు బెల్టు బోల్టు జోలికి మాత్రం వెళ్లొద్దు.

అయినా తగ్గకపోతే ఆంప్ దగ్గర ఆర్‌సీఏ వైర్లు (స్టీరియో నుంచి ఆంప్‌కు పాట తెచ్చేవి) పీకి చూడండి. కూత ఆగితే అది వాటి గుండానే వస్తోంది. వాటిని పవర్ వైరుకు దూరంగా, బండికి రెండో పక్క నుంచి లాగండి.

సౌండ్ పెంచితే ప్రొటెక్ట్ లైటు

ఏదో తేడా ఉందని ఆంప్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయినప్పుడు వెలిగే లైటు ఇది. స్పీకర్ వైర్లు పీకండి. లైటు అలాగే ఉంటే కరెంటు, ఎర్త్ లేదా ఆంప్ లోపం. లైటు పోతే సబ్ వైపు చూడండి. 4 ఓంల కాయిల్స్ రెండున్న సబ్‌ను ప్యారలల్‌గా కలిపితే 2 ఓంలు. అలాంటివి రెండు కలిపితే 1 ఓమే. 2 ఓంల కంటే తక్కువకు పనికిరాని ఆంప్ దాన్ని మోయలేదు.

బాస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతుంటే పవర్ వైరు కొనను బ్లేడుతో గీకండి. లోపల వెండి రంగు కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం, అదే లావు రాగి వైరంత కరెంటు మోయలేదు.

ఫ్యూజ్ మళ్లీ మళ్లీ పోతోంది

పెద్ద ఫ్యూజ్ వేయకండి. అది వైరును కాపాడేది, వైరు ఓర్చుకోలేని ఫ్యూజ్ వేస్తే మంటలే. బానెట్ నుంచి లోపలికి వచ్చే రంధ్రం దగ్గర రబ్బరు గ్రొమెట్ (రంధ్రం అంచుకు తొడిగే వలయం) ఉందో లేదో చూడండి. అది లేకపోతే రేకు అంచుకు ఒరుసుకుని పవర్ వైరు తొడుగు చిరిగి ఉంటుంది.

బాస్ పల్చగా ఉంది

సబ్ దగ్గర ప్లస్, మైనస్ తారుమారు చేసి వినండి. ఏది నిండుగా ఉంటే అదే ఉంచండి.